“బిల్డ్ క్లీనప్” పేరుతో 37 ఫైళ్ల మార్పు వచ్చింది, దీన్ని ఎటువైపు నుంచి రివ్యూ చేయాలి?

కృష్ణాతీరం
మేము ముగ్గురం కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని చూసుకుంటున్నాం. బొమ్మల మీద, వీడియోల మీద మన భారతీయ లిపుల్లో అక్షరాలు పరిచే సీ లైబ్రరీ అది. ఆటోకాన్ఫ్, ఆటోమేక్ అనే పరికరాలతో బిల్డ్ అవుతుంది, అంటే కోడ్ నుంచి వాడుకునే రూపానికి వస్తుంది. పన్నెండేళ్లుగా ఎవరి అవసరానికి వారు ఒక్కో ముక్క అతికిస్తూ పోవడంతో బిల్డ్ ఫైళ్లు చిందరవందరగా తయారైన మాట నిజమే. పదిరోజుల కిందట ఒకరు “బిల్డ్: క్లీనప్” అన్న ఒక్క ముక్క శీర్షికతో పుల్ రిక్వెస్ట్ (తన మార్పులను చేర్చుకోమనే విన్నపం) పంపారు. మొత్తం 37 ఫైళ్లు మారాయి, 612 వరుసలు చేరాయి, 1,840 వరుసలు పోయాయి. బిల్డ్‌కు ముందు యంత్రంలో ఏయే సదుపాయాలు ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టులో పాతబడిన తనిఖీలు తీసేశారు, నాలుగు డైరెక్టరీలలో చెదిరి ఉన్న కంపైలర్ ఫ్లాగ్‌లను (కంపైలర్‌కు ఇచ్చే సూచనలను) ఒకచోటికి తెచ్చారు, రెండుసార్లు రాసి ఉన్న లైబ్రరీ పేర్లను ఒకటికి తగ్గించారు, వేరియబుల్ పేర్లు మార్చారు, సోర్స్ ఫైళ్ల జాబితాలను అక్షరక్రమంలో పెట్టారు. సీఐ, అంటే ప్రతి మార్పునూ తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థ, మొత్తం పచ్చగా ఉంది.

రెండు సాయంత్రాలు కూర్చుని చదివినా, అవుననీ కాదనీ చెప్పలేకపోతున్నాను. మామూలు కోడ్ అయితే ఒక్కో ఫంక్షన్ పట్టుకుని ఇది ఏం చేస్తుంది, ఇప్పుడు ఏం చేస్తుంది అని ఆలోచించుకోవచ్చు. ఇక్కడ ఒక వరుస పోయిందని కనిపిస్తుంది గాని, అది పోవడం వల్ల ఎక్కడ ఏం మారిందో డిఫ్‌లో (పాత, కొత్త ఫైళ్ల తేడాల జాబితాలో) కనిపించదు. పంపినవారు నిన్న ఎంతో మర్యాదగా గుర్తుచేశారు కూడా. ఇలాంటివి మీరు ఎలా చూస్తారో చెప్పండి.

గోదారి_గిట్
ఒకే పుల్ రిక్వెస్ట్‌లో ఇన్ని రకాల పనులు ఉంటే నేను చదవడమే మొదలుపెట్టను. విడగొట్టి పంపమని అడగండి. పేర్ల మార్పు వేరు, ఫ్లాగ్‌ల మార్పు వేరు, తొలగింపులు వేరు.

కృష్ణాతీరం
అడగాలనే అనుకున్నాను, గోదారి గారూ. అయితే ఇది వారి మొదటి ప్యాచ్, దాని వెనుక ఎన్ని రాత్రుల శ్రమ ఉందో కమిట్ల (విడివిడిగా నమోదు చేసిన మార్పుల) సమయాలు చూస్తేనే తెలుస్తోంది. మళ్లీ మొదటి నుంచి చేయమంటే ఇక ఇటువైపు రారేమోనన్న భయం ఉంది. అడిగే ముందు నావైపు నుంచి చేయగలిగింది ఏదైనా ఉంటే చేయాలనుంది.

మేక్‌ఫైల్_మాస్టారు
ఉంది. డిఫ్‌ను పక్కన పెట్టి, ఆ డిఫ్ వల్ల పుట్టే వస్తువులను పోల్చండి. బిల్డ్ ఫైలు అనేది వంట కాదు, వంటవాడికి రాసిచ్చిన చీటీ. రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చదవడం కన్నా, రెండు చీటీలతోనూ వండించి రుచి చూడడం మేలు.

మొదట పాత బ్రాంచిని ఒక డైరెక్టరీలో, కొత్త బ్రాంచిని మరో డైరెక్టరీలో, ఒకే యంత్రం మీద ఒకే ఆప్షన్లతో కాన్ఫిగర్ చేయండి. తర్వాత రెండింటిలోనూ పుట్టిన, తనిఖీల ఫలితాలు రాసి ఉండే కాన్ఫిగ్ హెడర్ ఫైళ్లకు మాత్రమే డిఫ్ తీయండి. మీరు చదవవలసిన అసలైన మార్పు అక్కడ ఉంటుంది, పది పదిహేను వరుసలకు మించదు. తనిఖీ తీసేస్తే దాని ఫలితాన్ని చెప్పే మాక్రో మాయమవుతుంది, తనిఖీ తప్పుగా రాస్తే డిఫైన్ కాస్తా అన్‌డెఫ్ అవుతుంది. రెండింటిలో ఏది జరిగినా కంపైలర్ నోరు మెదపదు, ఎందుకంటే “ఆ మాక్రో ఉంటేనే” అని చెప్పే ఇఫ్‌డెఫ్ లోపలి కోడ్ ఇక దాని కంటికి లేనట్టే.

ఆ తర్వాత మేక్‌కు వీ=1 ఇచ్చి రెండు బిల్డ్‌ల లాగ్‌లూ దాచుకోండి, లేదా బేర్ అనే పరికరంతో కంపైల్ ఆదేశాల జాబితా తీయండి. దారుల పేర్లు తీసేసి, వరుసలను సార్ట్ చేసి పోల్చితే ఏ ఫైలుకు ఏ ఫ్లాగ్ పోయిందో, ఏది కొత్తగా వచ్చిందో అరటిపండు ఒలిచినట్టు తెలుస్తుంది. ఫ్లాగ్‌లను ఒకచోటికి తెచ్చారన్నారు కదా, ఒక డైరెక్టరీకి మాత్రమే ఉండవలసిన ఫ్లాగ్ ఇప్పుడు నాలుగింటికీ అంటుకుందేమో ఇక్కడే చూడాలి.

చివరిది ఆబ్జెక్ట్ ఫైళ్లు, అంటే ఒక్కో సోర్స్ ఫైలు నుంచి కంపైలర్ పుట్టించేవి. సోర్స్ ముట్టుకోలేదు గనుక, ఇది నిజంగా శుభ్రత మాత్రమే అయితే రెండు బిల్డ్‌ల ఆబ్జెక్ట్ ఫైళ్లూ బైటు బైటుకూ ఒకటిగా ఉండాలి. డీబగ్ సమాచారంలో జీసీసీ కంపైలర్ తన ఫ్లాగ్‌లను కూడా రాసుకుంటుంది కాబట్టి ముందు దాన్ని స్ట్రిప్ చేయండి (తీసేయండి), లేకపోతే ఫ్లాగ్‌ల వరస మారినా తేడా చూపిస్తుంది. కోడ్‌లో బిల్డ్ తేదీ వాడుకుంటే రెండింటికీ ఒకే సోర్స్ డేట్ ఎపాక్ విలువ ఇవ్వండి. అప్పటికీ తేడా ఉంటే, ఒకే కోడ్ నుంచి ఎప్పుడూ ఒకే ఫలితం రావాలనే డెబియన్ లైనక్స్ వారి రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ కృషిలోంచి పుట్టిన డిఫోస్కోప్ అనే పరికరం ఆ తేడా ఏ సెక్షన్‌లో ఉందో విప్పి చూపిస్తుంది. 37 ఫైళ్లలో ఎన్నింటిని వదిలేయవచ్చో ఒక గంటలో తేలుతుంది.

విశాఖ_వర్షన్
మాస్టారు చెప్పినదంతా సరే గాని, సీఐ పచ్చగా ఉందంటున్నారు కదా. టెస్టులన్నీ పాసైన తర్వాత ఇంత అనుమానం అవసరమా? ఏదైనా విరిగితే ఎవరో ఒకరు బగ్ పెడతారు, అప్పుడు సరిదిద్దుకోవచ్చు. మేము మా ప్రాజెక్టులో అలాగే నడుపుతున్నాం.

సీమ_సిస్టమ్స్
విశాఖ గారూ, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో దొడ్డిదారి పెట్టిన సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని వెతుక్కుంటూ వెళ్లడంతో 5.6.0, 5.6.1 విడుదలల్లోని దొడ్డిదారి దొరికింది. సీవీఈ-2024-3094 అన్న సంఖ్యతో, తీవ్రతకు పదికి పది వేసిన లోపం అది. ఆ దొడ్డిదారికి తలుపు తీసిన వరుసలు సీ కోడ్‌లో లేవు, కాన్ఫిగర్‌కు ముడిసరుకైన ఒక ఎం4 ఫైలులో ఉన్నాయి. టెస్టు ఫైళ్లుగా పెట్టినవాటిలోంచి అసలు విషాన్ని బయటకు తీసింది ఆ ఫైలే.

దానికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది అందులోనే ఉన్న మరో చిన్న సంగతి. లాండ్‌లాక్ అనే శాండ్‌బాక్స్ సదుపాయం ఉందో లేదో చూడడానికి, సీమేక్ అనే మరో బిల్డ్ పరికరం కోసం రాసిన ఫైలులో ఒక బుల్లి సీ ప్రోగ్రాం ఉంటుంది. అది కంపైలైతే సదుపాయం ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఆ బుల్లి ప్రోగ్రాం మధ్యలో, ఒక వరుస మొదట్లో ఒంటరిగా ఒక చుక్క పెట్టారు. ఒకే ఒక్క ఫుల్‌స్టాప్. దాంతో ఆ ప్రోగ్రాం ఏ యంత్రం మీదా కంపైల్ కాదు, సీమేక్‌తో కట్టినప్పుడల్లా శాండ్‌బాక్స్ లేదనే తేలుతుంది, బిల్డ్ మాత్రం ఏ లోటూ లేకుండా పూర్తవుతుంది. డిఫ్‌లో అది ప్లస్ గుర్తు పక్కన ఒక చుక్క, తెర మీద పడిన దుమ్మంత. ఎవరి కళ్లు పట్టుకోగలవు? టెస్టులు ఎలా పట్టుకుంటాయి? లేని సదుపాయాన్ని టెస్టు చేయాలని టెస్టుకు కూడా తెలియదు కదా.

లింకర్_లక్ష్మి
సీమ గారూ, ఆ కథ అందరం గుర్తుపెట్టుకోవలసిందే, కాదనను. అయితే మొదటి ప్యాచ్ పంపినవారి గురించి మాట్లాడుతూ ఆ పేరు ఎత్తడం నాకు బాధ కలిగించింది. అక్కడ జరిగింది రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని చేసిన ద్రోహం. పైగా ఆ ఎం4 ఫైలు గిట్ రిపోజిటరీలో లేదు, విడుదల టార్‌బాల్‌లో (అందరూ దించుకునే కోడ్ మూటలో) మాత్రమే ఉంది. పుల్ రిక్వెస్ట్‌లను ఎంత శ్రద్ధగా చదివినా అది దొరికేది కాదు. కొత్తవారిని ఆ కళ్లతో చూస్తే బిల్డ్ ఫైళ్లను బాగుచేయడానికి ఎవరు ముందుకొస్తారు? అసలే ఎవరూ ఇష్టపడని పని ఇది.

నేను భయపడేది దురుద్దేశానికి కాదు, మంచి ఉద్దేశంతో చేసిన పొరపాటుకు. రెండుసార్లు రాసిన లైబ్రరీ పేర్లను ఒకటికి తగ్గించారని కృష్ణాతీరం గారు రాశారు. దయచేసి అక్కడ ఆగి చూడండి. మా ప్రాజెక్టులో నేనే స్వయంగా ఆ పని చేశాను. లింకు వరుసలో మొదట ఏ, తర్వాత బీ, మళ్లీ ఏ అని ఉండేది. ఎవరో అజాగ్రత్తగా రాశారనుకుని చివరి ఏ తీసేశాను. స్టాటిక్ లైబ్రరీల (ప్రోగ్రాం ఫైలులోనే కలిసిపోయేవాటి) విషయంలో, ముక్కలను కలిపే లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుస్తుంది, ఆ క్షణానికి ఏ సింబల్ (ఫంక్షన్ వంటిదాని పేరు) కావాలో దాన్ని ఇచ్చే ఆబ్జెక్టులనే తీసుకుని ముందుకు పోతుంది. బీకి కావలసింది ఏలో ఉంటే, బీని చూసిన తర్వాత మళ్లీ ఏ దగ్గరకు రావాలి. అందుకే రెండుసార్లు రాశారు. సీఐలో, ప్రోగ్రాం నడిచేటప్పుడు వచ్చి కలిసే షేర్డ్ లైబ్రరీలతోనే బిల్డ్ చేసేవాళ్లం గనుక అంతా పచ్చగానే ఉంది. విడుదలైన మూడు వారాలకు, స్టాటిక్‌గా కట్టుకునే ఒక ప్యాకేజర్ నుంచి అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్‌లతో నిండిన లాగ్ వచ్చింది. ఆ రెండో ఏ పక్కన “బీకి ఇది అవసరం” అని ఒక్క వ్యాఖ్య ఉండి ఉంటే నేను దాని జోలికి వెళ్లేదాన్ని కాదు.

సీమ_సిస్టమ్స్
లక్ష్మి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఆ ప్యాచ్ పంపినవారిని అనుమానించమని నా ఉద్దేశం కాదు. చుక్క పొరపాటున పడినా కావాలని పెట్టినా ఫలితం ఒకటేనని, రెండింటినీ పట్టుకునే పద్ధతి కూడా ఒకటేనని చెప్పదలచుకున్నాను. టార్‌బాల్ విషయంలో మీ సవరణ పూర్తిగా నిజం.

కృష్ణాతీరం
మాస్టారు చెప్పినట్టు నిన్న రాత్రి చేశాను. కాన్ఫిగ్ హెడర్ డిఫ్‌లో పద్నాలుగు వరుసలు వచ్చాయి. పదమూడు పాత తనిఖీలవి, వాటిలో చాలా మాక్రోలను మా సోర్స్‌లో ఎవరూ వాడడం లేదని గ్రెప్ చేసి చూశాను. పద్నాలుగోది చూసి నిద్ర పట్టలేదు. హార్ఫ్‌బజ్ ఉందని చెప్పే మాక్రో పాత బిల్డ్‌లో 1, కొత్త బిల్డ్‌లో అన్‌డెఫ్.

తెలియనివారికి చెబుతాను: అక్షరాల వరుసను తీసుకుని ఫాంటులోని సరైన రూపాలను ఎంచి పేర్చేది (దీన్నే షేపింగ్ అంటారు) హార్ఫ్‌బజ్. అది లేకపోతే మా లైబ్రరీ ఒక్కో కోడ్‌పాయింట్‌కు (యూనికోడ్ సంఖ్యకు) ఒక్కో రూపం చొప్పున పరిచేస్తుంది. ఇంగ్లీషుకు ఏమీ కాదు. “స్త్రీ” అన్న మాట ఇచ్చి చూశాను. త వత్తూ లేదు, ర వత్తూ లేదు, పొల్లులు పైకి తేలి, గుడి దీర్ఘం స మీద కాకుండా ర మీద పడి, “స్‌త్‌రీ” అని మూడు ముక్కలుగా బొమ్మ మీద పడింది. తెలుగు కోసం మొదలుపెట్టిన లైబ్రరీ ఇది.

కారణం వెతికితే చాలా చిన్నది. వేరియబుల్ పేర్లన్నీ ఒక పద్ధతిలోకి తెచ్చేటప్పుడు “హ్యావ్” అని మొదలయ్యేవాటిని “విత్” అని మార్చారు. ముప్పై చోట్ల మార్చి ఒక్క షరతులో పాత పేరు వదిలేశారు. కాన్ఫిగర్ అంటే చివరికి షెల్ స్క్రిప్టే కదా. లేని వేరియబుల్‌ను అడిగితే షెల్ తప్పని చెప్పదు, ఖాళీ అని చెబుతుంది. ఖాళీ “ఎస్”తో సమానం కాదు గనుక హార్ఫ్‌బజ్ లేదని నిర్ణయించుకుంది. సీఐ ఎందుకు పట్టుకోలేదంటే, మా సీఐ యంత్రంలో హార్ఫ్‌బజ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీయే లేదు. అంటే ఇన్నాళ్లూ మా టెస్టులు షేపింగ్ లేకుండానే నడుస్తున్నాయి. ఆ లోపం ప్యాచ్ పంపినవారిది కాదు, పూర్తిగా మాది.

విశాఖ_వర్షన్
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పచ్చరంగు చూసి ముందుకు పొమ్మన్నాను, ఆ పచ్చరంగు వెనుక అసలు భాగమే కంపైల్ కాలేదన్నమాట. మా సీఐలో ఏయే ప్యాకేజీలు ఉన్నాయో ఈ రోజే చూస్తాను.

డల్లాస్_తెలుగు
ఇది చాలాచోట్ల ఉన్న జబ్బు. పైథాన్‌లో పిల్లో అనే బొమ్మల లైబ్రరీ వాడినవారికి తెలిసే ఉంటుంది: షేపింగ్ చేయించే రాక్మ్ లైబ్రరీ దొరికితే తెలుగు చక్కగా వస్తుంది, దొరకకపోతే ఏ హెచ్చరికా లేకుండా బేసిక్ లేఅవుట్‌కు దిగిపోయి వత్తులన్నీ విడిపోతాయి. తెలుగు బొమ్మల మీద విరిగిన అక్షరాలు కనిపించినప్పుడు చాలామంది ఫాంటును తిడతారు గాని, నేను చూసిన సందర్భాల్లో తప్పు చాలావరకు బిల్డ్‌దే.

నేను ఒక లైనక్స్ పంపిణీకి ప్యాకేజీలు కడతాను. మాకు అన్నిటికన్నా ఇబ్బంది కలిగించేది “ఉంటే వాడుకో, లేకపోతే ఊరుకో” అన్న తనిఖీ. దానికి మూడు స్థితులు ఉండాలి: తప్పనిసరి, వద్దు, దొరికితే సరే. తప్పనిసరి అన్నప్పుడు దొరకకపోతే కాన్ఫిగర్ అక్కడికక్కడే ఆగిపోవాలి. మేసన్ అనే బిల్డ్ వ్యవస్థలో ఫీచర్ ఆప్షన్లు సరిగ్గా ఈ మూడు స్థితులతోనే ఉంటాయి, “దొరికితే సరే” అన్నవాటన్నింటినీ ఒకే ఆప్షన్‌తో తప్పనిసరి చేయవచ్చు. ఆటోకాన్ఫ్‌లో కొంచెం చేతితో రాసుకోవాలి, అయినా పది వరుసలకు మించదు. మీ సీఐలో హార్ఫ్‌బజ్‌ను తప్పనిసరి చేసిన ఒక జాబ్ పెట్టండి. ఈ పుల్ రిక్వెస్ట్ ఉన్నా లేకపోయినా అది మీకు కావలసినదే.

గోదారి_గిట్
ఇంత తలనొప్పి ఉన్నప్పుడు ఈ శుభ్రతలన్నీ మానేసి ఒకేసారి మేసన్‌కు మారిపోవడం మంచిది కదా? లైనక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ 2017లోనే మారింది. పాత ఇంటికి ఎన్నిసార్లు సున్నం కొట్టినా పాత ఇల్లే.

మేక్‌ఫైల్_మాస్టారు
మారవద్దనను, కాని శుభ్రం చేయకుండా మారితే ఈ అయోమయమంతా కొత్త భాషలోకి తరలివస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఏం చేసిందో చూడండి. 2023లో వచ్చిన 16వ వెర్షన్‌లో మేసన్‌ను తెచ్చింది, పాత ఆటోకాన్ఫ్ దారిని మాత్రం అలాగే ఉంచింది. రెండూ పక్కపక్కన నడిచిన తర్వాత 17వ వెర్షన్‌లో విండోస్ కోసం విడిగా ఉన్న పాత స్క్రిప్టులను తీసేసింది. ఆ మేసన్ పనిలో ప్రధాన పాత్ర ఆండ్రెస్ ఫ్రోయిండ్‌దే, అంటే సీమ గారు చెప్పిన ఎక్స్‌జెడ్ గుట్టు బయటపెట్టిన మనిషే. బిల్డ్ వ్యవస్థల లోతులు చూసిన మనిషికి కాన్ఫిగర్ లోపల ఏదో అతకడం లేదని కనిపించడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

మారేవారికి ఒక హెచ్చరిక. మేసన్‌లో ఏమీ చెప్పకపోతే బిల్డ్ రకం డీబగ్, అంటే ఆప్టిమైజేషన్ సున్నా. ఆటోకాన్ఫ్‌లో ఏమీ చెప్పకపోతే జీసీసీకి ఓ2 (రెండో స్థాయి ఆప్టిమైజేషన్) వెళ్తుంది. సీమేక్‌లో బిల్డ్ రకం ఇవ్వకపోతే ఆప్టిమైజేషన్ ఫ్లాగే ఉండదు, రిలీజ్ అని ఇస్తే ఎన్‌డీబగ్ కూడా వచ్చి చేరి అసర్ట్‌లన్నీ (కోడ్ తనను తాను సరిచూసుకునే తనిఖీలు) ఎగిరిపోతాయి. అసర్ట్ లోపల పని జరిపించే కోడ్ ఎవరైనా రాసి ఉంటే ఆ పని కూడా ఎగిరిపోతుంది. ఇవేవీ డిఫ్‌లో ఒక్క అక్షరంగా కూడా కనిపించవు.

బెజవాడ_బోర్డు
మాస్టారి మాటకు నా అనుభవం ఒకటి చేరుస్తాను. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో 32 బిట్ల ఆర్మ్ బోర్డుల మీద వీడియో రికార్డు చేసే ప్రోగ్రాం ఉండేది. ఆటోకాన్ఫ్ నుంచి సీమేక్‌కు మార్చే పనిని నేను రివ్యూ చేసి ఆమోదించాను. పాత కాన్ఫిగర్‌లో పెద్ద ఫైళ్ల కోసం ఒక మాక్రో ఉండేది, ఒకే వరుస. ఫైల్ ఆఫ్‌సెట్ బిట్లను 64 చేయడం దాని పని. కొత్త ఫైలులో అది రాలేదు, నేను గమనించలేదు. మా బల్లల మీద యంత్రాలన్నీ 64 బిట్లవి కావడంతో తేడా తెలియలేదు. బోర్డుల మీద మాత్రం ప్రతి రికార్డింగూ సరిగ్గా 2 జీబీ దగ్గర ఆగిపోయేది. మెమరీ కార్డుదే లోపమనుకుని ఇద్దరం ఇంజనీర్లం పదకొండు రోజులు కార్డులు మార్చుకుంటూ కూర్చున్నాం. చివరికి ఫైలు సైజు 2,147,483,647 బైట్లు అని చూసిన క్షణంలో కారణం బోధపడింది.

అప్పటి నుంచి తొలగించిన ప్రతి తనిఖీకీ “ఇది ఎవరి కోసం పెట్టారు” అని గిట్ బ్లేమ్ (ఏ వరుసను ఎవరు, ఏ కమిట్‌లో రాశారో చూపే ఆదేశం) తీసి చూడనిదే ఆమోదించడం మానేశాను.

ఓరుగల్లు_ఓపెన్
ఆ పుల్ రిక్వెస్ట్ పంపింది నేనే. కృష్ణాతీరం గారు అక్కడ ఈ చర్చ లింకు పెట్టారు, మొదటి నుంచి చివరి వరకూ చదివాను. హార్ఫ్‌బజ్ షరతు దగ్గర పాత పేరు మిగిలిపోవడం నా పొరపాటే, క్షమించండి. మాటలను వెతికి మార్చే సెడ్ ఆదేశంతో మార్చాను, ఆ ఒక్క చోట పేరు రెండు వరుసలుగా విరిగి ఉండడంతో దానికి దొరకలేదు.

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ తెలుగు క్లబ్బు పోస్టర్ల కోసం మీ లైబ్రరీని కట్టుకుందామంటే మూడు రోజులు పట్టింది. కాన్ఫిగర్ చివర ఏది దొరికిందో ఏది దొరకలేదో చెప్పే సారాంశమే లేదు. నాకు పట్టినంత సమయం నా తర్వాతివారికి పట్టకూడదని మొదలుపెట్టాను. చిన్న చిన్నవి పది పంపితే మెయింటెయినర్లను విసిగించినట్టవుతుందని అన్నీ కలిపి పంపాను. విడగొట్టమంటే సంతోషంగా విడగొడతాను. ఎలా విడగొడితే మీకు చదవడం తేలికో చెప్పండి.

లింకర్_లక్ష్మి
క్షమాపణ అవసరం లేదమ్మా. ఆ పొరపాటు నీదైతే, దాన్ని పట్టుకోలేని సీఐ వారిదని వారే రాశారు. మూడు రోజులు కష్టపడి, తర్వాతివారికి ఆ కష్టం వద్దనుకున్నావు చూడు, ఇలాంటి ప్రాజెక్టులు బతికేది ఆ ఒక్క గుణం మీదే.

విడగొట్టేటప్పుడు ఫైళ్ల వారీగా కాదు, ఫలితం వారీగా ఆలోచించు. ఏ ఫలితమూ మార్చనివి ఒక గుంపు: పేర్లు, వరుసక్రమం, ఇండెంటేషన్. వీటికి ఆబ్జెక్ట్ ఫైళ్లు బైటు తేడా లేకుండా ఒకటేనని కమిట్ సందేశంలోనే రాసి, ఎలా పోల్చావో ఆదేశం కూడా పెట్టు. అప్పుడు రివ్యూ చేసేవారు ఆ ఆదేశం నడిపి చూసుకుంటే చాలు, వందల వరుసలు చదవనక్కర్లేదు. ఒక ఫైల్లోంచి మరో ఫైల్లోకి తరలించినవాటిని గిట్ డిఫ్‌లో కలర్ మూవ్డ్ ఆప్షన్ వేరే రంగులో చూపిస్తుందని కూడా చెప్పు. ఫలితం మార్చేవాటికి మాత్రం ఒక్కో మార్పుకు ఒక్కో కమిట్, ప్రతిదానికీ “ఎందుకు” అన్న వాక్యం ఉండాలి. చేసిన పనిని పారేయనక్కర్లేదు, రీబేస్‌తోనూ, గిట్ యాడ్‌కు పీ ఆప్షన్ ఇచ్చీ ముక్కలు చేసుకోవచ్చు.

గోదారి_గిట్
ఇండెంటేషన్, అక్షరక్రమం మార్పులు అసలు వద్దని నా అభిప్రాయం. బెజవాడ గారు చెప్పిన గిట్ బ్లేమ్ పనికి అవే పెద్ద అడ్డు. పన్నెండేళ్ల చరిత్ర మీద ఒక్క కమిట్ దుప్పటి కప్పేస్తుంది.

డల్లాస్_తెలుగు
ఆ కారణంతో మానేయనక్కర్లేదు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, బ్లేమ్ తీసేటప్పుడు ఫలానా కమిట్లను పట్టించుకోవద్దని ఒక ఫైలులో రాసి ఇవ్వవచ్చు. ఇండెంటేషన్‌ను విడి కమిట్‌గా పెట్టి దాని హ్యాష్‌ను ఆ ఫైలులో చేర్చితే చరిత్ర చెక్కుచెదరదు. వేరే మార్పులతో కలిపి పెడితేనే ఆ వెసులుబాటు పోతుంది. అక్షరక్రమంలో ఉన్న జాబితాల వల్ల మాకు చాలా లాభం ఉంది, ఇద్దరు ఒకేసారి కొత్త ఫైళ్లు చేర్చినప్పుడు చివరి వరుస దగ్గర కొట్టుకునే మెర్జ్ గొడవలు తగ్గుతాయి.

గోదారి_గిట్
విడి కమిట్‌గా అయితే అభ్యంతరం లేదు. అక్షరక్రమం వల్ల లింకు వరుస మారకుండా చూసుకోండి, అంతే.

మేక్‌ఫైల్_మాస్టారు
పాత తనిఖీల తొలగింపు గురించి ఒక మాట, ఓరుగల్లు గారూ. ప్రామాణిక సీ హెడర్లు ఉన్నాయా అని అడిగే తనిఖీని ఆటోకాన్ఫ్ వారే 2020లో వచ్చిన 2.70లో పాతబడినదని ప్రకటించారు, దాన్ని నిశ్చింతగా తీసేయండి. స్ట్రింగ్‌ను నకలు చేసే ఫంక్షన్ ఉందా అన్న ప్రశ్నకు కూడా ఈ రోజుల్లో అర్థం లేదు. అయితే ఎస్‌టీఆర్ఎల్‌కాపీ లాంటివి వేరు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో అది 2023లో వచ్చిన 2.38లో గాని చేరలేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉంది కదా అని తనిఖీ తీసేస్తే, అంతకుముందటి పంపిణీ వాడుతున్నవారికి బిల్డ్ విరుగుతుంది. ప్రాజెక్టు ఎంత పాత వ్యవస్థల వరకూ పనిచేస్తానని మాట ఇచ్చిందో మెయింటెయినర్లు రాసి పెట్టాలి. ఆ మాట లేకుండా ఏది పాతది, ఏది కాదు అన్న తీర్పు మీ మీద పెట్టడం న్యాయం కాదు.

బెజవాడ_బోర్డు
డైరెక్టరీల ఫ్లాగ్‌లను కలిపిన కమిట్‌ను సమాంతర బిల్డ్‌తో కూడా చూడండి. జీఎన్‌యూ మేక్ 4.4 నుంచి షఫుల్ అనే ఆప్షన్ ఉంది, టార్గెట్ల వరసను కలగాపులగం చేసి నడుపుతుంది. ఎక్కడైనా డిపెండెన్సీ రాయడం మరచిపోతే, ఆరు నెలల తర్వాత ఎవరి యంత్రం మీదో కాకుండా అప్పుడే బయటపడుతుంది.

కృష్ణాతీరం
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఓరుగల్లు గారు ఒక్క పుల్ రిక్వెస్ట్‌ను ఆరుగా విడగొట్టారు. పేర్లు, ఇండెంటేషన్, అక్షరక్రమం ఉన్న మొదటి రెండూ నిన్న చేరాయి. రెండింటి రివ్యూకు కలిపి నలభై నిమిషాలు పట్టింది, అందులో ముప్పై నిమిషాలు యంత్రం పనే. ఏయే పంపిణీల వరకూ మద్దతు ఇస్తామో మేము ముగ్గురం కూర్చుని రీడ్‌మీలో రాశాం. దాని ప్రకారం పదమూడు తనిఖీలలో పదకొండు పోతాయి, రెండు ఉంటాయి.

సీఐలో హార్ఫ్‌బజ్ తప్పనిసరి జాబ్ పెట్టాం, దానికి తోడు ఒక కొత్త టెస్టు కూడా. “స్త్రీ”లో ఆరు కోడ్‌పాయింట్లు ఉన్నాయి. మా టెస్టు ఫాంటుతో షేపింగ్ జరిగితే అంతకన్నా తక్కువ రూపాలు రావాలి, సరిగ్గా ఆరే వస్తే షేపింగ్ జరగనట్టు లెక్క, టెస్టు ఎర్రబడుతుంది. పాత పుల్ రిక్వెస్ట్ మీద దాన్ని నడిపి చూశాను, ఎర్రబడింది.

నాలుగోది, అంటే రెండుసార్లు ఉన్న లైబ్రరీ పేర్లు తీసేసేది, ఇంకా ఆపి ఉంచాను. లక్ష్మి గారు చెప్పినట్టు స్టాటిక్ బిల్డ్ చేసి చూస్తే మూడింటిలో ఒకటి నిజంగానే అవసరమైనది.

ఓరుగల్లు_ఓపెన్
ఆ ఒక్కదాన్ని తిరిగి పెట్టి, ఏ ఫంక్షన్ కోసం రెండోసారి రావాలో పక్కనే వ్యాఖ్య రాశాను. స్టాటిక్, షేర్డ్ రెండు బిల్డ్‌ల లాగ్‌లూ నాలుగో పుల్ రిక్వెస్ట్‌కు జతచేశాను. కాన్ఫిగర్ చివర సారాంశం చూపించేది ఆరోది, అందులో హార్ఫ్‌బజ్ వరుసను అన్నిటికన్నా పైన పెట్టాను. వీలున్నప్పుడు చూడండి.